స్పోక్ గార్డ్ తీసేస్తే ఏమవుతుంది? గేర్ సైకిల్‌లో చైను, హ్యాంగర్, స్పోకుల లెక్క

గేర్ సైకిల్ కొత్తగా కొన్నవాళ్లకి నాలుగు రోజులు తిరక్కుండానే ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు: "వెనక చక్రానికున్న ఆ ప్లాస్టిక్ ముక్క తీయించేయ్, దానితో పనేం లేదు." అదే సైకిల్‌ని షాపుకి తీసుకెళ్తే మెకానిక్ "ఉండనివ్వండి సార్, మంచిదే" అంటాడు. ఇద్దరూ అనుభవంతోనే చెబుతున్నారు, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ వాదనంతా ఆ ప్లాస్టిక్ ముక్క చుట్టూనే తిరుగుతోంది. పళ్ల మీద తిరగాల్సిన చైను స్పోకుల్లోకి ఎందుకు పడుతుందో ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది అర్థమైతే, ఈ ముక్క ఎవరికి అవసరమో, ఎవరికి అంతగా అవసరం లేదో తేల్చుకోవడం సులువు.

ముందు ఏది ఏమిటో గుర్తుపడదాం

సైకిల్‌కి కుడివైపు నిలబడి వెనక చక్రం మధ్యభాగం చూడండి. చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా పేర్చిన పళ్ల చక్రాల గుత్తి కనిపిస్తుంది. తక్కువ ధర సైకిళ్లలో దీన్ని ఫ్రీవీల్ అంటారు, కాస్త పై తరగతి వాటిలో క్యాసెట్ అంటారు. రెండింటికీ నిర్మాణంలో తేడా ఉన్నా మన చర్చకి అది అడ్డు కాదు. అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం లోపలి వైపు, అంటే స్పోకుల పక్కనే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వాడే తేలిక గేరు అదే.

ఆ పెద్ద పళ్ల చక్రానికీ స్పోకులకీ మధ్య ఇరుక్కుని ఉండే గుండ్రటి పలక పేరు స్పోక్ గార్డ్. పాత సైకిళ్లలో రేకుతో చేసినవి ఉండేవి, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌వే. కొందరు దీన్ని డిస్క్ అంటారు కానీ, డిస్క్ బ్రేకుకీ దీనికీ సంబంధం లేదు. చీర కొంగో పిల్లల పాదమో చక్రంలో పడకుండా పక్కన బిగించే జాలీ కూడా ఇది కాదు.

పళ్ల చక్రాల కింద వేలాడుతూ, చైనుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి తోసే చెయ్యి లాంటి భాగం డిరైలర్. అందులో రెండు చిన్న పుల్లీలుంటాయి. పైది చైనుకి దారి చూపిస్తుంది, కిందది చైను వదులు కాకుండా లాగి పడుతుంది. ఈ రెండింటినీ పట్టి ఉంచే రేకు చట్రమే కేజ్. డిరైలర్‌ని ఫ్రేముకి కలిపే వేలెడంత లోహపు ముక్కని హ్యాంగర్ అంటారు. ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

ఒకే గేరున్న మామూలు సైకిల్‌కి ఇవేవీ ఉండవు. అక్కడ చైను ఒకే పళ్ల చక్రం మీద నేరుగా తిరుగుతుంది. వదులైతే ఊడుతుంది, అంతే తప్ప దాన్ని పక్కకి, స్పోకుల వైపుకి తోసే భాగమే ఉండదు. గేర్లన్నీ హబ్బు (చక్రం నడిమధ్యన స్పోకులన్నీ కలిసే భాగం) లోపలే ఉండే సైకిళ్లకి కూడా ఈ బెడద లేదు. సమస్యంతా డిరైలర్ ఉన్న సైకిళ్లదే.

చైను హద్దు దాటకుండా ఆపేది ఒక స్క్రూ

గేరు మార్చినప్పుడు కేబుల్ డిరైలర్‌ని లోపలికి, అంటే స్పోకుల వైపుకి లాగుతుంది. కేబుల్ వదిలితే స్ప్రింగు దాన్ని బయటికి తెస్తుంది. ఇప్పుడొచ్చే డిరైలర్లలో చాలా వాటికి ఇదే పద్ధతి. అందుకే దారిలో కేబుల్ తెగితే చైను చిన్న పళ్ల మీదకి వచ్చి ఆగుతుంది, తొక్కడం బరువవుతుంది గానీ స్పోకులకి ప్రమాదం ఉండదు. ప్రమాదమంతా లోపలికి లాగేటప్పుడే.

ఆ లాగుడు ఎక్కడ ఆగాలో చెప్పడానికి డిరైలర్ మీద రెండు చిన్న స్క్రూలుంటాయి. "హెచ్" అని రాసి ఉన్నది బయటి వైపు హద్దు, "ఎల్" అని రాసి ఉన్నది లోపలి వైపు హద్దు. ఎల్ స్క్రూ సరిగ్గా బిగించి ఉంటే, గేరు మార్చే లీవర్‌ని ఎంత బలంగా నొక్కినా డిరైలర్ పెద్ద పళ్ల చక్రం దాటి వెళ్లదు. ఆ స్క్రూ వదులుగా ఉంటే చైను పెద్ద పళ్ల మీంచి అవతలికి దూకి, స్పోకులకీ పళ్లకీ మధ్య సందులో పడుతుంది.

ఆన్‌లైన్‌లో కొన్న గేర్ సైకిళ్లు చాలావరకు సగం బిగించి అట్టపెట్టెలో వస్తాయి. ముందు చక్రం, హ్యాండిల్, పెడల్స్ మనమే బిగించుకుంటాం. వెనక గేరు ఫ్యాక్టరీలోనే అమర్చేశారు కదా అని దాని జోలికి ఎవరూ పోరు. పెట్టె ప్రయాణంలో ఎన్ని దెబ్బలు తిన్నదో మాత్రం తెలియదు.

స్పోక్ గార్డ్ తీసేయవచ్చు అనేవాళ్ల ప్రధాన వాదన ఈ ఎల్ స్క్రూ మీదే నిలబడింది. హద్దు సరిగ్గా పెట్టిన సైకిల్‌లో చైను లోపలికి పడదు, పడని చోట కాపలా ఎందుకు అంటారు. లెక్క ప్రకారం ఆ మాట తప్పు కాదు. ఆ హద్దు దేన్ని ఆధారం చేసుకుని ఉందో చూసినప్పుడే చిక్కు బయటపడుతుంది.

హ్యాంగర్ రెండు డిగ్రీలు వంగితే

ఎల్ స్క్రూ హద్దు పెట్టేది డిరైలర్ సొంత శరీరాన్ని బట్టే. చక్రం ఎక్కడుందో, స్పోకులు ఎంత దూరంలో ఉన్నాయో దానికి తెలియదు. డిరైలర్ మొత్తం హ్యాంగర్‌కి వేలాడుతోంది కాబట్టి, హ్యాంగర్ లోపలికి వంగితే డిరైలరూ, దానితో పాటు మనం జాగ్రత్తగా పెట్టిన హద్దూ కలిసి లోపలికి జరుగుతాయి. స్క్రూ ఎవరూ తిప్పలేదు, అయినా హద్దు మారిపోయింది.

ఎంత జరుగుతుందో లెక్క వేద్దాం. 2 డిగ్రీల వంపు అంటే కంటికి ఆనేది కాదు. అంత వంపుకి ప్రతి 10 సెంటీమీటర్ల పొడవుకి సుమారు 3.5 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. పై పుల్లీ హ్యాంగర్ బోల్టుకి 6 సెంటీమీటర్లు కింద ఉందనుకుంటే అది 2.1 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. కింది పుల్లీ 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది 5 మిల్లీమీటర్ల పైనే జరుగుతుంది.

ఈ అంకెలు చిన్నవేమీ కావు. 8 గేర్ల క్యాసెట్‌లో పక్కపక్క పళ్ల చక్రాల మధ్య దూరం సుమారు 4.8 మిల్లీమీటర్లు, 11 గేర్ల దాంట్లో 3.7 మిల్లీమీటర్ల దగ్గర. అంటే మన 2.1 మిల్లీమీటర్లు దాదాపు సగం గేరుతో సమానం. పెద్ద పళ్ల మీద ఉన్నప్పుడు ఇంకో సగం గేరు లోపలికి తోస్తే చైనుకి ఎక్కడానికి పళ్లు ఉండవు, సందు మాత్రమే ఉంటుంది. ఇక కింది పుల్లీ దగ్గర కేజ్ అంచుకీ స్పోకులకీ మధ్య మామూలుగానే ఎడం తక్కువ. అందులో 5 మిల్లీమీటర్లు పోతే కేజ్ స్పోకుల్ని తాకడానికి అట్టే దూరం ఉండదు.

హ్యాంగర్ అంత తేలిగ్గా వంగేలా ఎందుకు చేశారంటే, కావాలనే. అల్యూమినియం ఫ్రేముల్లో విడిగా బిగించే హ్యాంగర్‌ని మెత్తటి లోహంతో చేస్తారు. సైకిల్ పడితే ఆ ముక్క వంగాలి గానీ, ఫ్రేమో డిరైలరో విరగకూడదు అన్నది ఉద్దేశం. కొత్త హ్యాంగర్ వేసుకోవచ్చు, కొత్త ఫ్రేము కొనడం అందరి వల్లా కాదు.

వంచే సందర్భాలు మన రోజువారీ జీవితంలో బోలెడు. డిరైలర్ కుడివైపు ఉంటుంది. సైడ్ స్టాండ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి స్టాండు మీద సైకిల్ ఎడమకి ఒరిగి నిలబడుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క స్కూటర్ తీసేవాళ్ల కాలు తగిలి అది కుడివైపుకి పడిందంటే బరువంతా ముందుగా డిరైలర్ మీద పడవచ్చు. స్కూలు స్టాండులో ఒకదాని మీద ఒకటి ఒరిగే సైకిళ్లు, బస్సు పైన పడుకోబెట్టి కట్టే సైకిళ్లు, కారు డిక్కీలో కుడిపక్కకి పడుకోబెట్టినవి, అన్నిటిదీ ఇదే కథ. సైకిల్ సొంతదారుకి తెలియకుండానే జరిగిపోతుంది, ఎవరో లేపి మళ్లీ స్టాండు వేసి వెళ్లిపోతారు.

దీనికి తోడు, వంగిన హ్యాంగర్ తనని తాను దాచుకుంటుంది. మధ్య గేర్లలో కాస్త టకటక శబ్దం వస్తే కేబుల్ టెన్షన్ కొద్దిగా సర్దుతాం, శబ్దం పోతుంది, సైకిల్ బాగానే ఉందనిపిస్తుంది. చదును రోడ్డు మీద పెద్ద పళ్ల అవసరమే రాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాటో, మదనపల్లె వైపు హార్స్‌లీ హిల్సో ఎక్కుతున్నప్పుడు, కాళ్లు అలిసి, పెడల్ మీద బలమంతా వేసి చివరి గేరు నొక్కుతాం. వారాలుగా దాగిన వంపు సరిగ్గా అప్పుడు బయటికొస్తుంది.

రెండు రకాల ప్రమాదాలు, రెండింటికీ తీవ్రత వేరు

మొదటిది, చైను ఒక్కటే సందులో పడటం. మనం ముందుకి తొక్కుతూనే ఉంటాం కాబట్టి చైను ఇంకా లోతుకి దిగి, పళ్ల చక్రానికీ స్పోకులకీ మధ్య బిగుసుకుంటుంది. పెడల్ ఆగిపోతుంది. చేతులకి నల్లటి మరక పూసుకుని, చైను లాగి బయటికి తీసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోతాం. పెద్ద నష్టం లేదనిపిస్తుంది. ఉందో లేదో కాసేపట్లో చూద్దాం.

రెండోది, డిరైలర్ కేజ్ స్పోకులకి తగులుకోవడం. ఇది అరుదు, కానీ ఘోరం. తిరుగుతున్న స్పోకు కేజ్‌ని పట్టుకుని తనతో పాటు పైకి ఈడ్చుకెళ్తుంది. హ్యాంగర్ విరుగుతుంది, డిరైలర్ మెలితిరిగిపోతుంది, కొన్ని స్పోకులు తెగుతాయి. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతే మనిషి అదుపు తప్పుతాడు. బండి వేగంలో ఉంటే, వెనక లారీ వస్తుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

స్పోక్ గార్డ్ మొదటి రకాన్ని బాగా ఆపుతుంది. సందునే మూసేస్తుంది కాబట్టి చైను నున్నటి ప్లాస్టిక్ మీద జారుతుంది, స్పోకుల దాకా పోదు. రెండో రకాన్ని అంత గట్టిగా ఆపలేదు. కేజ్ స్పోకుల మధ్య ఖాళీలోకి దూరకుండా గార్డ్ మీద రుద్దుకుంటూ పోయే అవకాశం ఇస్తుంది, ఆ గరగర శబ్దానికి మనం తొక్కడం ఆపుతాం. బాగా వంగిన హ్యాంగర్‌తో బలంగా తోస్తే పలచటి ప్లాస్టిక్ పగలవచ్చు కూడా. పైగా గార్డ్ మధ్యభాగానికే పరిమితం. కేజ్ కింది అంచు గార్డ్ వ్యాసం దాటి ఉంటే అక్కడ కాపలా లేదు.

చిన్న గాటు, తర్వాతెప్పుడో తెగే స్పోకు

ఒక్కసారి చైను పడి లేచిన చక్రానికి క్యాసెట్ విప్పించి చూడండి. హబ్బు దగ్గర స్పోకు వంపు తిరిగే చోటికి కాస్త పైన, మెరిసే ఉక్కు మీద చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. ఫ్లాంజ్‌కి, అంటే స్పోకులు తగిలించే హబ్బు అంచుకి, బయటి వైపు నుంచి వచ్చే స్పోకుల మీదే ఎక్కువ, ఎందుకంటే చైనుకి అవే దగ్గర. కంటికి ఆనకపోయినా గోరుతో గీస్తే గోరు ఆగుతుంది.

మామూలు స్పోకు మందం 2 మిల్లీమీటర్లు. అంటే అడ్డంగా కోస్తే దాని వైశాల్యం 3.14 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 0.2 మిల్లీమీటర్ల లోతు గాటు పడిందనుకుందాం. లెక్క వేస్తే పోయిన లోహం 0.16 చదరపు మిల్లీమీటర్లు, సుమారు 5 శాతం. మిగిలిన 95 శాతం ఉక్కు బరువు మోయడానికి చాలు. అందుకే ఆ రోజు స్పోకు తెగదు.

ఇబ్బంది లోహం తగ్గడంతో కాదు, గాటు ఆకారంతో. షాంపూ ప్యాకెట్ అంచున చిన్న గాటు ఉంటే ఎంత సులువుగా చిరుగుతుందో, అది లేకపోతే ఎంత మొండికేస్తుందో మనకి తెలుసు. స్పోకులోనూ లాగుడు బలమంతా గాటు మొన దగ్గర పోగవుతుంది. చక్రం తిరుగుతున్నప్పుడు కిందికి వచ్చిన స్పోకు టెన్షన్ కాస్త తగ్గుతుంది, పైకి పోగానే మళ్లీ పెరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, కాబట్టి కిలోమీటరుకి దాదాపు 476 చుట్లు. 100 కిలోమీటర్లు తొక్కితే ఆ గాటు దగ్గర 47,000 సార్లకి పైగా టెన్షన్ తగ్గి పెరుగుతుంది. ప్రతిసారీ పగులు కొంచెం కొంచెం లోపలికి పోతూ, ఎప్పుడో ఒక మామూలు గతుకులో "టింగ్" మని స్పోకు తెగుతుంది. అప్పటికి చైను పడిన సంగతే మరిచిపోయి ఉంటాం. "స్పోకులు నాసిరకం" అనో, "నా బరువు ఎక్కువైంది" అనో అనుకుంటాం.

అందులోనూ దెబ్బ తినేది కుడివైపు స్పోకులు. క్యాసెట్‌కి చోటివ్వడం కోసం కుడి ఫ్లాంజ్‌ని చక్రం మధ్యకి దగ్గరగా జరుపుతారు. దానివల్ల కుడి స్పోకులు దాదాపు నిటారుగా నిలబడతాయి, రిమ్ము మధ్యలో ఉండాలంటే వాటిని ఎడమవాటి కన్నా చాలా బిగువుగా లాగి ఉంచాలి. మంచి చక్రంలో కుడివైపు ఒక్కో స్పోకు మీద 100 నుంచి 120 కిలోల లాగుడు ఉండటం మామూలే. ఎక్కువ బిగువు ఉన్నదే తెగితే రిమ్ము వెంటనే పక్కకి లాగుతుంది, చక్రం అవుట్ అవుతుంది, బ్రేకుకి రాసుకుంటుంది. కుడివైపు స్పోకు మార్చాలంటే ముందు క్యాసెట్టో ఫ్రీవీలో విప్పాలి. దానికి తగిన టూలు దారిలో దొరికే ప్రతి షాపులోనూ ఉండదు.

తీసేయమనేవాళ్ల మాట, ఉంచమనేవాళ్ల మాట

అమెరికాలో సైకిళ్ల భద్రతా నియమాలు 1970లలో వచ్చాయి. వాటిలో డిరైలర్ గురించి ఒక వాక్యం ఉంది. సర్దుబాటు తప్పినా సరే, దెబ్బ తగిలినా సరే, చైను చక్రానికి అడ్డం పడకుండా, చక్రాన్ని ఆపకుండా కాపలా ఉండాలని దాని సారాంశం. ప్లాస్టిక్ పలకే పెట్టాలని అందులో లేదు, తయారీదార్లకి చవకైన దారి అదే కాబట్టి పెడుతున్నారు. నాకు ముఖ్యమనిపించేది ఆ నియమం రెండు కారణాల్నీ విడివిడిగా చెప్పడం. సర్దుబాటు ఒక్కటే చాలదని, దెబ్బ అనేది వేరే సంగతని అది గుర్తించింది. తీసేయవచ్చు అనేవాళ్లు మొదటిదానికి జవాబు చెబుతారు గానీ రెండోదాన్ని దాటేస్తారు.

అలాగని వాళ్ల మాట కొట్టిపారేయలేం. మన ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. స్పోకులకి పట్టుకుని ఉండే చిన్న కొక్కేలు విరిగి, గార్డ్ వదులై గలగలమంటుంది. పగిలిన ముక్క పళ్లకీ స్పోకులకీ మధ్య ఇరుక్కుంటే, ఏది ఆపడానికి పెట్టామో అదే జరుగుతుంది. గార్డ్ వెనక మట్టి, నూనె జిడ్డు పేరుకుని శుభ్రం చేయడం కష్టం. బరువు గురించి చెప్పేది మాత్రం పెద్ద లెక్కలోది కాదు, కొన్ని పదుల గ్రాములే. ఇక చూడటానికి బాగోదు అనేది ఎవరిష్టం వాళ్లది.

నా ఉద్దేశంలో తేడా సైకిల్ ధరలో లేదు, అది ఎవరి చేతుల్లో ఉంటుందన్న దాంట్లో ఉంది. ఒకే మనిషి తొక్కి, ఇంట్లోనే పెట్టుకుని, కిందపడిన ప్రతిసారీ హ్యాంగర్ చూసుకుంటే గార్డ్ లేకపోయినా నడుస్తుంది. బరువు తగ్గించుకునే రేసు సైకిళ్లవాళ్లు చేసేది అదే. పిల్లల సైకిల్, నలుగురు వాడే సైకిల్, అద్దెకిచ్చేది, డెలివరీ కుర్రాళ్లు రోజంతా రోడ్ల మీద ఆపేది, ఇవన్నీ ఎప్పుడు కుడివైపుకి పడ్డాయో తొక్కేవాళ్లకి తెలియని సైకిళ్లు. వాటికి చెక్కుచెదరని గార్డ్ ఉండటమే మేలు. పగిలిన గార్డ్ మాత్రం ఎవరికీ మేలు చేయదు.

తీసే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. క్యాసెట్ విప్పితేనే గార్డ్ సవ్యంగా బయటికొస్తుంది. అంత పని ఎందుకని కటింగ్ ప్లేయర్‌తోనో హాక్సా బ్లేడుతోనో ముక్కలు చేసి లాగేవాళ్లున్నారు. బ్లేడు జారి స్పోకుకి తగిలితే చైను చేసే గాటే అదీ చేస్తుంది.

ఫ్రీవీల్ మార్చాక గార్డ్ చిన్నదైపోతే

ఎక్కువమంది గమనించని సంగతి ఇది. గార్డ్ పనిచేయాలంటే అది పెద్ద పళ్ల చక్రం కన్నా వెడల్పుగా ఉండాలి. చైనులో ఒక్కో లింకు పొడవు 12.7 మిల్లీమీటర్లు కాబట్టి, పళ్ల సంఖ్యని బట్టి పళ్ల చక్రం వెడల్పు లెక్క కట్టొచ్చు. 28 పళ్లదానికి వ్యాసం సుమారు 11.3 సెంటీమీటర్లు, 34 పళ్లదానికి 13.8, ఇప్పటి కొండ సైకిళ్లలో వచ్చే 51 పళ్లదానికి 20.6.

ఘాట్లు ఎక్కడం కష్టంగా ఉందని 28 పళ్ల ఫ్రీవీల్ తీయించి 34 పళ్లది వేయించుకోవడం మామూలే. పాత గార్డ్‌ని అలాగే ఉంచి కొత్త ఫ్రీవీల్ బిగించేస్తారు. పాత గార్డ్ 12.5 సెంటీమీటర్లదైతే అది ఇప్పుడు పళ్ల చక్రం వెనక పూర్తిగా దాక్కుంటుంది. చైను పళ్ల అంచు దాటి పడినప్పుడు ముందుగా తగిలేది స్పోకులే. గార్డ్ ఉందన్న ధీమా ఉంటుంది, కాపలా ఉండదు.

కొన్ని కంపెనీలు గార్డ్‌ని కాకుండా హ్యాంగర్‌నే పట్టించుకున్నాయి. సైకిల్ గేర్లు తయారుచేసే శ్రామ్ కంపెనీ 2019లో వేర్వేరు ఫ్రేములకి ఒకే రకం హ్యాంగర్ అనే పద్ధతి తెచ్చింది. 2023లో ఇంకో అడుగు వేసి, హ్యాంగర్ లేకుండా వెనక ఇరుసు దగ్గరే ఫ్రేముకి నేరుగా బిగించే డిరైలర్ తెచ్చింది. దానికి ఎల్, హెచ్ స్క్రూలు కూడా లేవు. ఖరీదు ఎక్కువ, ఫ్రేము దానికి తగ్గట్టే ఉండాలి, కాబట్టి మన రోడ్ల మీది సైకిళ్లలో చాలా వాటికి ఇప్పట్లో ఆ దారి లేదు.

గార్డ్ మీది గీతలు ఏం చెబుతాయి

సెకండ్‌హ్యాండ్ గేర్ సైకిల్ చూసేటప్పుడు గార్డ్ బయటి ముఖం మీద టార్చి వేసి చూడటం మంచిది. పెద్ద పళ్ల అంచుకి కాస్త పైన, గుండ్రంగా నల్లటి గాడి పడి ఉంటే చైను అక్కడ దిగిందని అర్థం. గార్డ్ బయటి అంచు దగ్గర కోసినట్టు పదునైన గీతలుంటే అవి కేజ్ తగిలినవి అయ్యుండొచ్చు. రెండింట్లో ఏది కనిపించినా ముందు చూడాల్సింది హ్యాంగర్‌నే. వెనక నుంచి చూస్తే పై పుల్లీ, కింది పుల్లీ, వాటి పైనున్న పళ్లు ఒకే నిలువు గీతలో ఉన్నాయో లేదో కొంతవరకు తెలుస్తుంది. కచ్చితంగా కొలవడానికి హ్యాంగర్‌కి బిగించి రిమ్ము చుట్టూ తిప్పే గేజ్ ఉంటుంది, గేర్ సైకిళ్లు ఎక్కువగా చూసే షాపుల్లో అది దొరుకుతుంది. హ్యాంగర్ వంపు తీయకుండా ఎల్ స్క్రూ మాత్రం బిగిస్తే చైను స్పోకుల్లో పడటం ఆగవచ్చు, కానీ కేజ్ ఒరిగే ఉంటుంది. ఉక్కు హ్యాంగర్‌ని తిరిగి తిన్నగా వంచొచ్చు. అల్యూమినియంది ఒకటి రెండు సార్లు తట్టుకుంటుంది, ఆ తర్వాత మెడ దగ్గర పగులు వస్తుంది. అప్పుడు ఆ సైకిల్ మోడల్‌కి సరిపోయే కొత్త హ్యాంగర్ వేయించాల్సిందే.